హెచ్‌ఐవీ శిక్షణ నిధులు: వర్క్‌షాపుకా, యూనివర్సిటీకా?

విదేశాల్లో హెచ్‌ఐవీ/ఎయిడ్స్‌పై పోరుకు 2003లో మొదలైన అమెరికా పథకం పెప్‌ఫార్, తొలి ఏళ్లలో ఆఫ్రికాలో శిక్షణకిచ్చిన డబ్బును ఎక్కువగా స్వల్పకాలిక కోర్సులకే పెట్టింది. ఉద్యోగంలో ఉన్న నర్సుకు కొద్ది రోజుల్లోనే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల) చికిత్స నేర్పొచ్చు. ప్రాణాలు పోతున్నప్పుడు అదే సరైన దారి. కానీ కొత్త నర్సు ఒక్కరూ పెరగరు. పైగా శిక్షణ జరిగినన్నాళ్లూ క్లినిక్‌లో ఆమె కుర్చీ ఖాళీ!

యూనివర్సిటీకిస్తే ఫలితానికి ఏళ్లు పడుతుంది. అయితే అధ్యాపకులు, ల్యాబులు, సిలబస్ అక్కడే మిగులుతాయి. పెప్‌ఫార్‌ను పొడిగించిన 2008 అమెరికా చట్టం 1,40,000 మంది కొత్త ఆరోగ్య సిబ్బందిని లక్ష్యంగా పెట్టింది. 2010లో మొదలైన అమెరికా వైద్య విద్యా పథకం మెపి ఆఫ్రికా వైద్య కళాశాలలకు ఐదేళ్లకు 13 కోట్ల డాలర్లు కేటాయించింది. నా ఓటు దీనికే. చదువయ్యాక డాక్టరు విదేశం వెళ్లిపోతే మాత్రం లెక్క తారుమారు; జీతాలు, పోస్టింగుల ఖర్చూ ముందే చూసుకోవాలి.