మీడియం పెయిర్ల పోకర్ కోర్సు కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక: క్యాష్ గేమ్ చార్టులను టోర్నమెంటు పాఠాలుగా అమ్ముతున్నారు

హైదరాబాదులో పోకర్ టోర్నమెంట్లు నేర్చుకోవాలనుకుంటున్నవారికి, ముఖ్యంగా ఏడుల నుంచి పదుల వరకు చేతికొచ్చే జతలను (ఒకే అంకె ఉన్న రెండు ముక్కలను) ఎలా ఆడాలో తెలియక తికమకపడుతున్నవారికి ఈ హెచ్చరిక. మాదాపూర్ ప్రాంతంలో వారాంతపు తరగతులు, మిగతా రోజుల్లో రికార్డు చేసిన వీడియోలు అంటూ ఒక శిక్షణ సంస్థ ‘మీడియం పాకెట్ పెయిర్స్ టోర్నమెంటు కోర్సు’ అమ్ముతోంది. నేను 18,500 రూపాయలు కట్టి అందులో చేరాను. నా ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. అయితే ఇదే సరుకును వేరే పేరుతో మరొకరు అమ్మినా మీరు గుర్తుపట్టగలిగేలా వివరాలన్నీ ఇస్తున్నాను.

అసలు లోపం చార్టుల్లో ఉంది. కోర్సులో ప్రధానమైన సరుకుగా చూపించేది ఏ స్థానంలో కూర్చుంటే ఏ చేతితో, అంటే పంచిన ఏ రెండు ముక్కలతో, ఏం చేయాలో రంగుల గళ్లలో చెప్పే పట్టికల కట్ట. ప్రతి పేజీ పైన పెద్ద అక్షరాలతో ‘టోర్నమెంటు’ అని అచ్చు వేసి ఉంది కానీ, ఆ పట్టిక ఎన్ని బిగ్ బ్లైండ్ల స్టాక్‌కు వర్తిస్తుందో ఎక్కడా లేదు (స్టాక్ అంటే ఆటగాడి దగ్గరున్న చిప్స్ మొత్తం; ప్రతి చేతిలో ఇద్దరు తప్పనిసరిగా పెట్టే బ్లైండ్లలో పెద్దది బిగ్ బ్లైండ్, స్టాక్‌ను కొలిచేది దానితోనే). పేజీ అడుగుభాగం కత్తిరించినట్టు కనిపించింది. ఒక్క పేజీలో మాత్రం ఆ కత్తిరింపు సరిగా పడక చిన్న అక్షరాల్లో ‘100 బీబీ, సిక్స్ మ్యాక్స్, యాంటీ లేదు’ అన్న వరుస మిగిలిపోయింది. అంటే అవి ఆరుగురు కూర్చునే బల్ల మీద, వంద బిగ్ బ్లైండ్ల లోతుతో, యాంటీ (బ్లైండ్లు కాక ప్రతి చేతికీ తప్పనిసరిగా పెట్టే చిప్స్) లేకుండా ఆడే క్యాష్ గేమ్ (చిప్స్ విలువ నేరుగా డబ్బే అయిన ఆట) కోసం తయారైన పట్టికలు. ఎనిమిది, తొమ్మిది మంది కూర్చునే బల్ల మీద, ప్రతి చేతికీ యాంటీ పడుతూ, బ్లైండ్లు గడియారం ప్రకారం పెరుగుతూ స్టాకులు ఇరవై బిగ్ బ్లైండ్లకు కుంచించుకుపోయే టోర్నమెంటుకు అవి పనికిరావు.

ఎందుకు పనికిరావో ఒక్క గడిని తీసుకుని చూపిస్తాను. మొదటి స్థానం (బ్లైండ్ల తర్వాత అందరికన్నా ముందు ఆడే చోటు) నుంచి రెయిజ్ వస్తే, అంటే పందెం పెంచితే, ఏడుల జతతో కాల్ చేయమని, అంటే అంతే పెట్టి ఆటలో ఉండమని ఆ పట్టిక చెబుతుంది. బ్లైండ్లు 1,000, 2,000, బిగ్ బ్లైండ్ యాంటీ (అందరి తరఫునా బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడే కట్టేది) 2,000 ఉన్న దశను తీసుకుందాం. మీ దగ్గర 36,000 చిప్స్ ఉన్నాయి, ప్రత్యర్థి దగ్గరా అంతే, అతను 4,400కు రెయిజ్ చేశాడు. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్ (బల్ల మీద ముందుగా తెరిచే మూడు ముక్కలు) మీద సెట్ (జతతో కలిసి ఒకే అంకె మూడు ముక్కలు) గానీ అంతకన్నా మెరుగైనది గానీ వచ్చే అవకాశం సుమారు 11.8 శాతం, అంటే 17 సార్లు కాల్ చేస్తే 2 సార్లు తగులుతుంది, 15 సార్లు తగలదు. సెట్ కోసమే కాల్ చేసి, తగలనప్పుడల్లా వదిలేస్తే ఆ 15 సార్లకూ పోయేది 66,000 చిప్స్. తగిలిన రెండుసార్లలో ఒకసారి ప్రత్యర్థి తన మొత్తం స్టాకూ పెట్టేశాడనుకుంటే, పాట్‌లో (బల్ల మధ్య పోగైన చిప్స్‌లో) అప్పటికే ఉన్నదానితో కలిపి మీకు 41,000 వస్తుంది. రెండోసారి అతను ఫ్లాప్ మీదే వదిలేశాడనుకుంటే దొరికేది 9,400 మాత్రమే. రెండూ కలిపినా 50,400. సెట్ తగిలీ ఓడిపోయే సందర్భాలను, మీ వెనక కూర్చున్నవాడు ఆల్-ఇన్ (తన స్టాకు మొత్తం పెట్టేయడం) అని మిమ్మల్ని తరిమేసే సందర్భాలను ఇందులో లెక్కలోకి తీసుకోనేలేదు. అదే ఇద్దరి దగ్గరా రెండేసి లక్షల చిప్స్ ఉంటే, పూర్తి స్టాకు ఒక్కసారి దొరికినా 2,05,000 వస్తుంది కాబట్టి అక్కడ ఆ కాల్ గిట్టుబాటవుతుంది. పట్టికలో ఉన్నది అబద్ధమని నేను అనడం లేదు. అది ఏ ఆటకు నిజమో ఆ వరుసను కత్తిరించి వేరే ఆటకు అమ్మడమే ఇక్కడ జరిగిన మోసం.

వీడియోల్లోనూ ఇదే తీరు. జత ఉన్నవాడికి ‘అయిదింట ఒకసారి సెట్ వస్తుంది’ అని పాఠం చెప్పే ఆయన పదేపదే అంటాడు. బల్ల మీద పడే అయిదు ముక్కలూ చివరిదాకా చూస్తే సుమారు 19 శాతం అన్నది నిజమే. కానీ ఫ్లాప్ చూడటానికి డబ్బు పెట్టే నిర్ణయం దగ్గర ఆ అంకెను వాడకూడదు, ఎందుకంటే మిగిలిన రెండు ముక్కలు చూడటానికి ప్రత్యర్థి మళ్లీ మళ్లీ ధర కట్టమంటాడు. కొత్తగా నేర్చుకునేవాడికి ఈ తేడా తెలియదు, తెలియదు కాబట్టే ఆ అంకె అమ్ముడుపోతుంది.

ఎనిమిదుల జతను ‘ఫ్లాప్ మీద చాలావరకు పైచేయి’గా వర్ణించడం ఇంకా ప్రమాదకరం. ఎనిమిదుల జత పట్టుకున్నప్పుడు ఫ్లాప్ మీద తొమ్మిది నుంచి ఆసు వరకు కనీసం ఒక ముక్క పడే అవకాశం దాదాపు 87 శాతం. పదుల జతకైనా పై ముక్క పడే అవకాశం 70 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఒక వీడియోలో ఇస్పేటు రాజు, ఆటీను జాకీ, కళావరు నాలుగు పడిన ఫ్లాప్ మీద పాఠం చెప్పే ఆయన ఎనిమిదుల జతతో వరుసగా కాల్ చేసుకుంటూ వెళ్లి, చివరికి ప్రత్యర్థి ఆసు, రాణి చూపించడంతో గెలిచి, ‘చూశారా, మధ్య జతను ఎప్పుడూ వదలకూడదు’ అన్నాడు. అలాంటి ఫ్లాప్ మీద అదే పద్ధతిలో ఓడిపోయిన చేయి కోర్సు మొత్తంలో ఒక్కటి కూడా లేదు. గెలిచిన చేతులనే ఏరి చూపించడాన్ని నేను బోధన అనలేను.

ఇక టోర్నమెంటులో మధ్య జతల అసలు విషయం, అంటే మనం ముందుగా ఆల్-ఇన్ వెళ్లడానికీ ఇంకొకరి ఆల్-ఇన్‌కు కాల్ చేయడానికీ ఉన్న తేడా, కోర్సులో పూర్తిగా లోపించింది. పది బిగ్ బ్లైండ్ల స్టాకుతో, మీకన్నా ముందు అందరూ వదిలేసినప్పుడు ఎనిమిదుల జతతో ఆల్-ఇన్ వెళ్తే, అందరూ వదిలేసినా బ్లైండ్లు, యాంటీ కలిపి రెండున్నర బిగ్ బ్లైండ్లు దొరుకుతాయి, అంటే స్టాకు ఒక్కసారిగా నాలుగో వంతు పెరుగుతుంది. ఎవరైనా ఆసు, రాజుతో కాల్ చేసినా సుమారు 55 శాతం మీదే పైచేయి. అదే ఎనిమిదులతో మొదటి స్థానం నుంచి వచ్చిన ఆల్-ఇన్‌కు కాల్ చేస్తే ఎదుటివాడిని వదిలించే అవకాశం సున్నా. అతను పదుల నుంచి ఆసుల వరకు జతలతోనూ, ఆసు, రాజుతోనూ మాత్రమే అలా ఆడే మనిషైతే మీ గెలుపు అవకాశం మూడో వంతు కూడా ఉండదు, ఎందుకంటే పెద్ద జత మీద చిన్న జత గెలిచేది సుమారు 19 శాతమే. బహుమతులు మొదలయ్యే గీతకు ఒకటి రెండు స్థానాల ముందు, ఆటగాళ్లు బబుల్ అనే చోట, ఈ తేడా మరింత పెరుగుతుంది. అక్కడ గెలుచుకునే చిప్స్‌కన్నా పోగొట్టుకునే చిప్స్ విలువ ఎక్కువ. దీన్ని లెక్కగట్టే ఐసీఎం (చిప్స్‌ను బహుమతి డబ్బు విలువలోకి మార్చే పద్ధతి) గురించి కోర్సులో ఒక్క పాఠమైనా లేదు. ఏడుల నుంచి పదుల వరకు జత వచ్చేది సగటున 55 చేతులకు ఒకసారి. అంత అరుదుగా వచ్చే నిర్ణయం తప్పితే ఆ రోజు ఆట అక్కడితో ముగిసిపోవచ్చు.

డబ్బు నష్టాన్ని మించిన విషయం మరొకటి ఉంది. సాధన కోసమంటూ విద్యార్థుల గ్రూపులో ఒక యాప్ లింకు పెట్టి, ఫోను ఉన్న చోటు వేరేగా కనిపించేలా మార్చుకుని నిజమైన డబ్బుతో ఆడమని చెబుతున్నారు. తెలంగాణ గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో డబ్బు పందెంతో ఆడటం నిషేధం, నైపుణ్యం ఉన్న ఆట అన్న వాదన ఇక్కడ చెల్లదు. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు ఆ గ్రూపులో ఉన్నారు. తాము దేనిలో దిగుతున్నామో వారికి ఎవరూ చెప్పడం లేదు, ఈ పోస్టు రాయడానికి నన్ను పురికొల్పినది ప్రధానంగా అదే. గోవా క్యాసినోల్లో జరిగే టోర్నమెంట్లకు సిద్ధమయ్యేవారు డబ్బు పెట్టకుండా, ఊరికే చిప్స్ పంచుకుని ఇంట్లో స్నేహితులతో సాధన చేసుకోవచ్చు.

కత్తిరించిన పేజీ ఫోటో పంపి డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే, ‘సర్, కంటెంట్ ఒకసారి ఓపెన్ చేశాక రిఫండ్ ఉండదు’ అన్నారు. ఆ షరతు డబ్బు కట్టకముందు ఎక్కడా చూపించలేదు. ‘అన్నా, ఈ రాత్రి పన్నెండు లోపు కడితేనే ఈ రేటు’ అని తొందరపెట్టిన మనిషి ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. చెల్లింపు కూడా సంస్థ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి యూపీఐ నంబరుకు వెళ్లింది, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు.

ఇలాంటి కోర్సు ఏది కొనబోయినా, డబ్బు కట్టకముందు ఎనిమిదుల జతకు సంబంధించిన ఒక్క పేజీ చూపించమని అడగండి. అది ఎన్ని బిగ్ బ్లైండ్లకు, ఎంతమంది బల్లకు, యాంటీతోనా యాంటీ లేకుండానా అన్నది ఆ పేజీ మీదే ఉండాలి. 10, 20, 40 బిగ్ బ్లైండ్లకు వేర్వేరు పేజీలు ఉన్నాయా అని అడగండి. ఒకే పట్టిక అన్నింటికీ సరిపోతుందని చెప్పేవారి దగ్గర కొనకండి. బబుల్ దగ్గర తొమ్మిదుల జతతో ఆల్-ఇన్‌కు కాల్ చేయాలా అని అడిగితే, ఎవరి స్టాకు ఎంత, ఆల్-ఇన్ ఏ స్థానం నుంచి వచ్చింది అని ఎదురు ప్రశ్న వేసేవారికి విషయం తెలుసు. వెంటనే అవుననో కాదనో చెప్పేవారికి తెలియదు.

ఇప్పటికే ఈ కోర్సు కొన్నవారు ప్రకటన, వాట్సాప్ సంభాషణ, యూపీఐ రసీదు, చార్టుల పీడీఎఫ్ నాలుగూ వేరే చోట భద్రపరచుకోండి, గ్రూపు నుంచి తీసేశాక అవి దొరకవు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము ఉండదు. రెండేళ్లలోపు వేయాలి. ఫిర్యాదులో ‘కోర్సు బాగాలేదు’ అని రాస్తే నిలవదు, టోర్నమెంటు అని ప్రకటించి క్యాష్ గేమ్ పట్టికలు ఇచ్చారని రాసి, ఆ అడుగు వరుస మిగిలిపోయిన పేజీని జత చేయండి. నా దగ్గరున్న పీడీఎఫ్‌లో అది పదులూ తొమ్మిదులూ ఉన్న పట్టిక తర్వాతి పేజీ.