పాత కారుకి హెడ్‌లైట్ల వెలుగు పెంచాలంటే ఏది మేలు: ఎల్‌ఈడీ బల్బా, రిలే కిట్టా, ప్రొజెక్టరా?

వానలు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇదే అడుగుతారు. పాత స్విఫ్టో, వ్యాగనారో, శాంట్రోనో ఉంటుంది, రాత్రిపూట రోడ్డు సరిగ్గా కనబడట్లేదు, ఎల్‌ఈడీలు వేయించేయనా అని. నిజానికి అది ప్రశ్న కూడా కాదు, వేయించాలని ముందే అనుకుని మన చేత ఊఁ అనిపించుకోవడానికి అడుగుతారు. ఈమధ్యే నా 2009 స్విఫ్ట్‌కి లైట్ల పని చేయించాను కాబట్టి ఏది ఎందుకు వద్దనుకున్నానో, ఏది ఎందుకు వేయించానో అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తాను. ఈ కార్లన్నిట్లో ఉండేది హెచ్4 అనే హాలోజెన్ బల్బు, అంటే డిమ్ము, ఫుల్లు రెండూ ఒకే బల్బులో.

ఏ బల్బు కొనేముందైనా పగటిపూట ఒకసారి హెడ్‌లైట్ అద్దం వంక చూడండి. అది గాజు కాదు, పాలీకార్బనేట్ ప్లాస్టిక్. ఎండకి పచ్చబడి మసకేసి ఉంటే లోపల ఏది పెట్టినా దండగే, పైగా మసక వెనక నుంచి వచ్చే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలోనే పడుతుంది. వెయ్యి నంబరు, తర్వాత రెండువేల నంబరు వాటర్ పేపరుతో తడి చేసి రుద్ది పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా అవుతుంది, కానీ పైన యూవీ కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే. టూత్‌పేస్ట్ చిట్కా నాలుగు రోజుల ముచ్చట. లోపల రిఫ్లెక్టరు మెరుపు పూత లేచిపోయి ఉంటే మాత్రం బల్బుల గురించి మాట్లాడుకోవడం అనవసరం, హెడ్‌లైట్ మొత్తం మార్చాల్సిందే.

ఇక అసలు సంగతి. కొనేవాళ్లంతా డబ్బా మీద లూమెన్లు, అంటే వెలుగు ఎంతో చెప్పే అంకె, చూస్తారు, నేను గోడ మీద కటాఫ్ చూస్తాను. కారుని చదునైన నేల మీద గోడకి ఎదురుగా పది మీటర్ల దూరంలో ఆపి డిమ్ లైటు వేస్తే, పైన చీకటి, కింద వెలుతురు, మధ్యలో గీత గీసినట్టు అంచు కనబడాలి, అదే కటాఫ్. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ వైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు వారన నడిచేవాళ్లు కనబడటానికి. కుడి వైపు అడ్డంగా, కిందికే ఉంటుంది, ఎదురొచ్చేవాడి కళ్లు చెదరకుండా. హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, డిమ్ ఫిలమెంటు కింద గోరంత లోహపు దొన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టరు కింది భాగానికి పోకుండా ఆపి ఆ గీత పుట్టించేది అదే. ఫిలమెంటు ఉండాల్సిన చోటు నుంచి ఒక్క మిల్లీమీటరు జరిగినా రిఫ్లెక్టరు లెక్క మొత్తం తప్పుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఏదో అడ్డుంది అని గ్రహించి కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర అనుకుంటే 33 మీటర్లు, ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35. అంటే డెబ్బై మీటర్ల అవతల ఏముందో తెలియాలి, బానెట్ ముందు పది మీటర్లు కాదు. ముందు పది మీటర్లు పెళ్లి పందిరిలా వెలిగిపోతుంటే కంటిపాప ముడుచుకుని అవతలిది ఇంకా చీకటవుతుంది. హైవే దిగి ఊళ్లలోకి వెళ్లే రోడ్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఒక పక్కంతా వడ్లు ఆరబోసి రాత్రికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు కూడా అంతే, దగ్గరికి వచ్చేదాకా కనబడదు.

ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బు. హెచ్4 సాకెట్‌లో దూరిపోతుంది, జత రెండు మూడు వేలు, పది నిమిషాల పని, వేయగానే ఆహా అనిపిస్తుంది. సాధారణ హెచ్4 బల్బు డిమ్‌లో వెయ్యి లూమెన్లు, ఫుల్‌లో 1650 ఇవ్వాలన్నది ప్రమాణం, ఎల్‌ఈడీ డబ్బా మీదేమో ఇరవై వేలు అని రాసుంటుంది, ఆ అంకెని నమ్మక్కర్లేదు. నా బాధ అంకెతో కాదు. ఫిలమెంటు నుంచి వెలుగు చుట్టూ పరుచుకుంటుంది, ఎల్‌ఈడీ చిప్పులు సన్నటి రేకుకి రెండు పక్కలా అతికించి ఉంటాయి, కాబట్టి వెలుగు రెండు వైపులకే పోతుంది. ఆ రిఫ్లెక్టరు దీనికోసం చేసింది కాదు. మంచి రకం కొని, చిప్పులు సరిగ్గా ఎడమ కుడి పక్కలకి చూసేలా కాలర్ (బల్బుని హెడ్‌లైట్‌లో పట్టి ఉంచే రింగు) తిప్పి బిగిస్తే కటాఫ్ కొంతవరకు వస్తుంది, చవక రకాల్లో గోడ మీద గీత బదులు ముద్ద కనబడుతుంది. ఆస్రామ్ ఎల్‌ఈడీ బల్బుకి జర్మనీలో 2020లో రోడ్డు అనుమతి వచ్చింది కదా అంటారు కొందరు, వచ్చింది నిజమే, కానీ ఏ కారు మోడల్లో ఏ హెడ్‌లైట్‌లో పెట్టొచ్చో జాబితా కట్టి ఇచ్చారు. హెడ్‌లైట్‌ని బట్టి పరీక్షించాల్సిన వస్తువని దాన్నిబట్టే తెలుస్తోంది.

ఇంకో చిన్న విషయం, షాపుల్లో ఎవరూ చెప్పరు. ఎల్‌ఈడీ వెనక ఫ్యాను, హీట్ సింక్ ఉంటాయి, హెడ్‌లైట్ వెనకుండే రబ్బరు మూత దాని మీద పట్టదు. కుర్రాడు కత్తెరతో ఆ రబ్బరు కోసేస్తాడు, లేదంటే తీసి పక్కన పడేస్తాడు. మొదటి వానకే అద్దం లోపల ఆవిరి పడుతుంది, ఆ వెనకే దుమ్ము. తడి తారు రోడ్డు మీద ఆ నీలం కలిసిన తెలుపు నాకైతే రోడ్డుని చూపించదు, రాలే చినుకుల్ని చూపిస్తుంది.

నేను వేయించింది రిలే కిట్టు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు. దీన్ని అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే బయటికి ఏమీ కనబడదు, చూపించుకోవడానికి ఏమీ లేదు. పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి స్టీరింగ్ పక్క స్విచ్‌లోకి వెళ్లి, సన్నటి వైర్ల గుండా తిరిగి ముందుకి రావాలి. పదిహేనేళ్లకి ఆ కనెక్టర్లకి తుప్పు, నల్లబారిన పిన్నులు, వదులైన ఎర్త్. మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంజను నడుస్తుండగా నా కారు బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, బల్బు హోల్డరు దగ్గర 12.4. ఒకటిన్నర వోల్టే కదా అనుకోకండి, హాలోజెన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు దాని మూడున్నర ఘాతంతో తగ్గుతుంది. అంటే మూడో వంతు వెలుగు వైర్లలోనే పోతోందన్నమాట! రిలే కిట్టులో కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావు వైర్లతో నేరుగా బల్బుకి వస్తుంది, పాత వైరు రిలేకి ఆన్ ఆఫ్ చెప్పడానికే. ఇప్పుడు హోల్డరు దగ్గర 13.6 చూపిస్తోంది. ఫిలమెంటు దాని చోటులోనే ఉంది, గోడ మీద గీత చెక్కుచెదరలేదు, స్విచ్ మీద భారం కూడా తగ్గింది.

కిట్టు వెయ్యి రూపాయల చుట్టూ ఉంటుంది, విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో అడిగితే దొరుకుతుంది. హోల్డరు సిరామిక్‌దే తీసుకోండి. దాంతోపాటు 60/55 వాట్లలోనే (ఫుల్‌కి 60, డిమ్‌కి 55) ఫిలిప్స్ ఎక్స్‌ట్రీమ్‌విజన్, ఆస్రామ్ నైట్ బ్రేకర్ లాంటి హాలోజెన్ బల్బులు వేస్తే ఇంకాస్త దూరం కనబడుతుంది, కాకపోతే అవి మామూలు బల్బుల కన్నా త్వరగా పోతాయి, వోల్టేజీ పెరిగాక ఇంకా త్వరగా. రోజూ రాత్రి తిరిగేవాళ్లు స్పేర్ బల్బు డాష్‌బోర్డులో పడేసుకోవాలి.

డబ్బు పెట్టగలిగితే అన్నిటికన్నా మంచి వెలుగు బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టరుది (డిమ్ము, ఫుల్లు రెండూ ఒకే ఎల్‌ఈడీ ప్రొజెక్టరులో), అందులో అనుమానం లేదు. దాని లెన్సు దానిది, కటాఫ్ రేకు దానిది, గోడ మీద గీత బ్లేడుతో కోసినట్టుంటుంది. కాకపోతే హెడ్‌లైట్‌ని వేడి చేసి అద్దం ఊడదీయాలి, లోపల ప్రొజెక్టరుని రెండు వైపులా ఒకే ఎత్తులో బిగించాలి, మళ్లీ సీలు చేయాలి. అంతా చేసే చేతిలో ఉంది. ఖర్చు పది వేలు పైమాటే. రెండేళ్లలో అమ్మేసే కారుకి ఇది నేను పెట్టను, ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంచుకునే కారైతే ఆలోచిస్తాను. చట్టం సంగతి కూడా తెలిసే దిగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్పులు చేయకూడదు, 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

మిగతావి క్లుప్తంగా. 100/90 వాట్ల బల్బులు డిమ్‌లోనే 90 వాట్లు లాగుతాయి, రిలే లేకుండా వేస్తే హోల్డరు కరుగుతుంది, రిలే ఉన్నా ఆ వేడికి ప్లాస్టిక్ రిఫ్లెక్టరు పాడవుతుంది. హాలోజెన్ రిఫ్లెక్టరులో హెచ్‌ఐడీ (ఫిలమెంటు లేకుండా గ్యాసులో మెరుపుతో వెలిగే బల్బు) వద్దే వద్దు. నీలం రంగు పూసిన ‘తెల్ల’ హాలోజెన్లు వెలుగుని తగ్గిస్తాయి. పసుపు ఫాగ్ లైట్లు పొగమంచులో నెమ్మదిగా వెళ్లడానికి బాగుంటాయి, అంతకుమించి ఆశించకండి.

ఏది వేయించినా ఎత్తు సరిచేయించకుండా షాపు నుంచి కదలొద్దు. పది మీటర్ల దగ్గర గీత హెడ్‌లైట్ మధ్యభాగం కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉండాలి, వెనకాల ఉండే స్క్రూ తిప్పితే సరిపోతుంది. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన సున్నా నుంచి మూడో నాలుగో దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోనివాళ్లే ఎక్కువ. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే కారు మూతి పైకి లేచి డిమ్ము కూడా ఫుల్లులా కొడుతుంది. అప్పుడు ఆ చక్రాన్ని రెండుకో మూడుకో తిప్పాలి, బస్తా దించాక మళ్లీ సున్నాకి.