డెక్ కొత్తది, స్పీకర్లు పాతవే: మూడేళ్ల వాడకం తర్వాత

2022లో పదో తరగతి పరీక్షలు మే నెలాఖరులో జరిగాయి. పరకాలలో ఇన్విజిలేషన్ డ్యూటీ ముగించుకుని, పొద్దుటి నుంచి ఎండలో ఉడికిన కారులో కూర్చుని తాళం తిప్పితే పాటల డెక్ వెలగలేదు. ఫ్యూజు పోయిందేమో అనుకుని తీసి చూశాను, బాగానే ఉంది. సాయంత్రం ఎండ తగ్గాక దానంతట అదే వెలిగింది, రెండు పాటలు పాడింది, మళ్లీ పడుకుంది. వారం రోజులు ఇలా దాగుడుమూతలు ఆడి జూన్ మొదట్లో పూర్తిగా కన్ను మూసింది. కారు 2013ది. కంపెనీవాళ్లు పెట్టి ఇచ్చిన డెక్కే అది. తొమ్మిదేళ్లు పాడింది కాబట్టి అన్యాయం చేసిందని అనలేను.

నాకు డెక్ లేకుండా కుదరదు. హన్మకొండలో ఇల్లు, పరకాల దగ్గర ఉద్యోగం, రోజూ పోను రాను డెబ్బై కిలోమీటర్ల దాకా తిరుగుడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే బోర్డు పోయింది, రిపేరు ఉండదు, మొత్తం మార్చాలన్నారు. ఇరవై మూడు వేలు అన్నారు. అదీ మళ్లీ అదే పాత మోడల్, సీడీ పెట్టుకునే సందుతో సహా. సీడీలు ఇంట్లో పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడుతున్నాయి.

అక్కణ్నుంచి ఒక కార్ డెకార్ షాపుకు పోయాను. అక్కడి పిలగాడు డోరు మీద వేలితో రెండుసార్లు తట్టి, "సార్, ఇవి పేపర్ స్పీకర్లు. కొత్త డెక్ పవర్‌కు ఆగవు, కాలిపోతయి. నాలుగు డోర్లకు కొత్తవి వేసుకోండి, డిక్కీల ఒక బేస్ ట్యూబ్ పెడదాం" అన్నాడు. కాగితం మీద లెక్క వేస్తే ముప్పై వేలు దాటింది. చచ్చింది డెక్, శిక్ష స్పీకర్లకు!

నేను బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను, కాబట్టి ఈ పవర్ సంగతి కొంచెం చూద్దామనుకున్నాను. కొత్త డెక్‌ల డబ్బాల మీద ఒక్కో స్పీకర్‌కు 50 వాట్లు, మొత్తం నాలుగు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికేది మహా అయితే 14.4 వోల్టులు. డెక్ లోపలి ఆంప్లిఫయర్ స్పీకర్ రెండు కొనలనూ చెరోవైపు నుంచి తోస్తుంది కాబట్టి ఆ 14.4 మొత్తం వాడుకోగలదు. అది శిఖరం మాత్రమే, నికరంగా పనిచేసే వోల్టేజీ కోసం దాన్ని 1.414తో భాగిస్తే 10.2 వస్తుంది. దాని వర్గాన్ని స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే 26. అంటే శబ్దం పగలకుండా లెక్క ప్రకారం ఇవ్వగలిగింది 26 వాట్లు, అసలులో ఇరవైకి అటూ ఇటూ. పాత డెక్ కూడా ఇదే 14.4తోనే బతికింది కదా. కొత్త డెక్ కొత్తగా ఎక్కడి నుంచి తెస్తుంది? వాల్యూమ్ చివరిదాకా తిప్పి, గొంతు చీలిపోతున్నా అలాగే వదిలేస్తే ఏ స్పీకరైనా పోతుంది, అది వేరే సంగతి.

ఇక మిగిలిన అనుమానం స్పీకర్లు నిజంగా బాగున్నాయా అని. దీనికి డోర్లు విప్పక్కర్లేదు. పాత డెక్ బయటికి లాగితే వెనక కప్లర్ (తీగలన్నీ ఒకేచోట గుచ్చుకునే ప్లగ్గు) ఉంటుంది, అందులో స్పీకర్ తీగలు జతలు జతలుగా వస్తాయి. ముందు మల్టీమీటర్ పెట్టాను. నాలుగు జతలకూ 3.5 నుంచి 3.8 ఓమ్‌ల లోపే చూపించింది. నాలుగు ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో కొంచెం తక్కువే చూపిస్తుంది, అది సరైనదే. కాయిల్ తెగితే అసలు అంకె రాదు. తర్వాత గోడగడియారంలోంచి సెల్లు తీసి, ఒక్కో జతకు రెండు తీగముక్కలతో ఇలా తాకించి అలా తీశాను. కుడి ముందు డోరులో "టప్" అంది. ఎడమ ముందు "టప్". వెనక రెండూ అంతే. గరగర లేదు, చీలిక లేదు. ఒకటిన్నర వోల్టు సెల్లు తేల్చిన విషయానికి ముప్పై వేలు ఎందుకు పెట్టాలి?

డెక్ విషయంలో ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. మా ఆవిడ తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టిద్దామంది. మా స్కూల్లో ఒక సారు కారులో అది ఉంది. తాళం తిప్పాక అది లేచి కూర్చునేసరికి మేము గేటు దాటి మెయిన్ రోడ్డెక్కుతాం. ఎండాకాలం మధ్యాహ్నం వేలు ఎక్కడ పెడితే మరెక్కడో పనిచేస్తుంది. రివర్స్ కెమెరా కావాలనుకునేవాళ్లకు స్క్రీన్ తప్పదు, నాకు అక్కర్లేదు. నేను తీసుకున్నది టచ్ లేని, గుండ్రటి వాల్యూమ్ నాబ్ ఉన్న, బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్ఎం డబుల్ డిన్ డెక్. డబుల్ డిన్ అంటే 178 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. పాతకాలపు సింగిల్ డిన్ ఎత్తు ఇందులో సగం. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి పేరు చెప్పినా లాభం లేదు.

డెక్ 8,900. మా కారు డాష్‌బోర్డుకు సరిపోయే ఫ్రేము 900. కప్లర్ 450. ఏరియల్ పిన్ను కన్వర్టర్, బిగించే కూలి కలిపి 750. మొత్తం పదకొండు వేలు. ఇందులో నేను అస్సలు బేరమాడనిది కప్లర్ దగ్గర. దాని ఒక మూతి కారు వైరింగ్‌లోకి, ఇంకో మూతి డెక్‌లోకి పోతుంది. కంపెనీ తీగ ఒక్కటి కూడా కోయక్కర్లేదు. కొందరు ఆ 450 మిగల్చడానికి కారు కప్లర్ కోసేసి తీగలు మెలిపెట్టి టేపు చుడతారు. మన ఎండలకు ఆ టేపు జిగురు కారిపోయి, రెండేళ్లకు తీగలు ఒకదానికొకటి తగులుతాయి. స్పీకర్ మైనస్ తీగ బాడీకి తగిలితే డెక్‌కు అదే ఆఖరి రోజు కావచ్చు. ఎందుకంటే ఈ డెక్‌లలో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు, దానిలోనూ కరెంటు ఉంటుంది.

బిగించడానికి గంట కూడా పట్టలేదు. ఇంటికొచ్చి పాటలు పెట్టుకున్నా, సంతోషమే. మర్నాడు పొద్దున తాళం తిప్పితే డెక్ నన్ను గుర్తుపట్టలేదు. గడియారం సున్నా, పెట్టుకున్న స్టేషన్లు మాయం, ఫోన్‌ను మళ్లీ జత చేయమంది. మూడో రోజూ అదే. ఇది చాలామందికి ఎదురయ్యేదే. డెక్‌కు వచ్చే పసుపు తీగకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండాలి, దాని జ్ఞాపకాలన్నీ దానిమీదే బతుకుతాయి. ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడే రావాలి. కొన్ని కంపెనీల కార్లలో ఈ రెండూ కప్లర్‌లో తారుమారుగా ఉంటాయి. అందుకే మంచి కప్లర్‌లలో ఆ రెండు తీగల మధ్య మాత్రం విడదీసి మార్చుకునేలా చిన్న బుల్లెట్ కనెక్టర్లు పెడతారు. నేను కొన్నదానిలో అవి ఉన్నాయి. షాపువాళ్లు చూడలేదు, అంతే. డెక్ ముందుకు లాగి, ఎరుపును పసుపుకు, పసుపును ఎరుపుకు కలిపాను. రెండు నిమిషాల పని.

రెండో తప్పు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అది పట్టించింది మా బాపు.

బాపుకు కారులో పాటలు అక్కర్లేదు, ఆకాశవాణి కావాలి. వరంగల్ ఎఫ్ఎం 103.5 మీద వస్తుంది. హన్మకొండలో తిరిగినంతసేపు బాగానే ఉండేది. దసరాకు ఊరికి తీసుకుపోతుంటే హన్మకొండ దాటి కొంత దూరం పోగానే గొంతు పీలగా అయింది, గూడెప్పాడ్ క్రాస్ దగ్గర పరకాల వైపు మలిగేసరికి ఉత్త హోరు. బాపు కాసేపు ఓపిక పట్టి, "ఏంది బిడ్డా, పదకొండు వేలు పెట్టి గరగర కొన్నవా?" అన్నాడు. నేను రోజూ బ్లూటూత్ పాటలు వినేవాణ్ని కాబట్టి గమనించలేదు. పాత డెక్‌లో పరకాల దాకా స్పష్టంగా వచ్చేదన్నది ఆయన అన్నాకే గుర్తొచ్చింది.

షాపులో అడిగితే, "కొత్త డెక్‌లకు ఎఫ్ఎం అంతే సార్, ఎవరు వింటున్నరు ఇప్పుడు" అన్నారు. ఊరుకుని ములుగు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాను. పెద్దాయన. డెక్ బయటికి తీసి, తీగల కట్టలోంచి ఒక నీలం తీగ పట్టుకున్నాడు. దాని కొనకు నల్ల టేపు చుట్టి ఉంది, దేనికీ కలపలేదు. మా కారు పైకప్పు మీది ఏరియల్ జానెడు కూడా లేదు. అంత పొట్టి ఏరియల్ సొంతంగా ఎంతో పట్టలేదు కాబట్టి దాని మొదట్లో ఒక చిన్న బూస్టర్ పెట్టి ఉంటుందట. ఆ బూస్టర్‌కు 12 వోల్టులు కావాలి. డెక్ ఆన్ అయినప్పుడు నీలం తీగలోంచి ఆ 12 వస్తాయి. తీగ కలపకపోతే బూస్టర్ నిద్రపోతుంది, పైగా వచ్చే కాస్త సిగ్నల్‌కూ అడ్డం పడుతుంది. ఆయన కారువైపు తీగను వెతికి, కలిపి, ష్రింక్ ట్యూబు వేసి లైటర్‌తో వేడిచేశాడు. తాళం తిప్పాను. 103.5 అక్కడే ఉంది, కానీ ఇప్పుడు మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నూట యాభై తీసుకున్నాడు. ఆ ఆదివారం బాపును మళ్లీ అదే దారిలో తీసుకుపోయాను. పరకాల బస్టాండ్ దాకా రేడియో చెక్కుచెదరలేదు. ఆయన ఏమీ అనలేదు, నిద్రపోయాడు.

ఇక శబ్దం ఎలా ఉంది అంటే, మొదటి రెండు వారాలు పాతదే నయమనిపించింది. కంపెనీవాళ్లు ఆ స్పీకర్లకు తగ్గట్టు బేస్‌ను, ట్రెబుల్‌ను లోపలే సర్ది పంపుతారు. కొత్త డెక్‌కు మన స్పీకర్లు ఏవో తెలియదు. బేస్ పెంచితే డోరు ప్లాస్టిక్ వణికేది, తగ్గిస్తే పాట బక్కచిక్కేది. మెనూలో హెచ్‌పీఎఫ్ అని ఒకటి ఉంది, అది ఎన్ని హెర్ట్జ్‌ల కంటే కింది శబ్దాలను స్పీకర్‌కు పంపకూడదో చెప్పే సెట్టింగు. దాన్ని 100 దగ్గర పెట్టి, బేస్‌ను ఇంకా పెంచే లౌడ్‌నెస్ సెట్టింగును ఆపేశాను. ఆ పాత కాగితపు కోన్‌లు ఎలాగూ మోయలేని బరువు వాటి నెత్తి మీంచి దిగిపోయింది. మాటలు తేటపడ్డాయి, డప్పు దెబ్బ గట్టిగా, పొట్టిగా వినిపిస్తోంది. ఛాతీ అదిరే బేస్ మాత్రం లేదు, ఈ స్పీకర్లతో రాదు కూడా. అది కావాలనుకునేవాళ్లకు షాపు పిలగాడి ముప్పై వేల లెక్కే సరైనది.

యూఎస్‌బీ గురించి ఒక మాట. 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే "నో ఫైల్" అంది. అది ఫైళ్లు దాచే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వచ్చింది, ఈ డెక్ ఫ్యాట్32 తప్ప చదవదు. 32 జీబీది కొని పెడితే పాడింది. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే మాత్రం తెర మీద వరసగా డబ్బాలు కనబడతాయి. రెండు రాత్రులు కూర్చుని నాలుగు వందల పాటల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాను. ఆ కష్టం 2024 మేడారం జాతరకు పోయినప్పుడు కలిసొచ్చింది. తాడ్వాయి అడవిలో ఫోన్ సిగ్నల్ పోయి ముందు వెనక కార్లన్నీ మూగబోతే, మా కారు ఒక్కటే పాడింది.

ఫోన్ మాట్లాడటానికి డెక్ ముఖం మీది మైకు పనికిరాదు. ఏసీ గాలి హోరే అవతలివాళ్లకు వినపడుతుంది. డబ్బాలో తీగతో ఇచ్చిన మైకును స్టీరింగ్ వెనక బిగించాక మా ఆవిడ "ఏంటీ, వినపడట్లేదు" అనడం తగ్గింది. స్టీరింగ్ మీది బటన్లలో వాల్యూమ్, పాట మార్చేవి పనిచేస్తాయి, ఫోన్ ఎత్తే బటన్ ఎంత నేర్పించినా నేర్చుకోలేదు.

పాత స్పీకర్లలో ఒకటి పోయింది, దాచను. 2023 జూలై చివర వానలు వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఎట్లా పడ్డాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్కరోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మా వీధిలో నీళ్లు చక్రాలు సగం మునిగేదాకా వచ్చి ఆగాయి. కారులోకి రాలేదని సంబరపడ్డాను. పది రోజులకు ఎడమ ముందు డోరులోంచి చీమిడి ముక్కుతో పాడినట్టు శబ్దం మొదలైంది. డోరు ప్యాడ్ విప్పితే లోపల నీళ్లు ఆపే ప్లాస్టిక్ షీటు కింది మూల ఎప్పుడో ఊడిపోయి ఉంది. అద్దం మీంచి జారిన వాన నేరుగా కోన్ మీద పడింది. కాగితం ఉబ్బి, అంచు ఊడిపోయింది. ప్యాడ్ విప్పడంలో రెండు క్లిప్పులు నేనే విరగ్గొట్టాను.

ఒకవైపు కొత్తది ఒకవైపు పాతది వేస్తే గొంతులు కలవవు కాబట్టి ముందు రెండూ మార్చాను. ఆరున్నర అంగుళాలవి, 4 ఓమ్‌లవే, జత 2,600. బిగించుకుని పాట పెడితే ఏదో తేడా. గొంతు ఎదురుగా రాకుండా చెవుల చుట్టూ తిరుగుతోంది, బేస్ సగమైంది. కొత్త స్పీకర్లు కదా, అరగాలేమో అని రెండు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు బ్యాలెన్స్ మొత్తం ఒకవైపుకు తిప్పితే బేస్ పెరిగింది! రెండు స్పీకర్ల కంటే ఒకటి గట్టిగా పాడుతోందంటే ఒకదాని ప్లస్, మైనస్ తిరగబడ్డట్టే. ఒక కోన్ ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది, మధ్యలో గాలి ఎటూ కదలడం లేదు. పిల్లలకు తరంగాల పాఠం ఏటా చెప్పే మనిషిని, నా కారులోనే రెండు రోజులు కనిపెట్టలేకపోయాను. కుడి డోరు మళ్లీ విప్పాను. ఈసారి క్లిప్పులు విరగలేదు.

వెనక రెండూ 2013వే, ఇప్పటికీ పాడుతున్నాయి. డెక్ మూడు ఎండాకాలాలు దాటినా ఒక్కసారి కూడా ఆరిపోలేదు. అన్నీ కలిపి నా ఖర్చు పద్నాలుగు వేలు దాటలేదు. ఒక్క ఇబ్బంది అలాగే మిగిలిపోయింది. మా కారు మీటర్ల వెలుతురు నారింజ రంగు, ఈ డెక్‌ది నీలం, మార్చుకునే వీలు లేదు. రాత్రి తిరిగివచ్చేటప్పుడు మధ్యలో అదొక్కటే కంట్లో గుచ్చుతుంది. నారింజ రంగు జిలెటిన్ కాగితం ఒక ముక్క కత్తిరించి అంటించాను. ఎండకు అది చుట్టుకుపోయినప్పుడల్లా కొత్తది అంటిస్తున్నాను. ఇప్పటికి ఆరో ముక్క.