బోరులో విద్యుత్ లాగింగ్: రాజోలు దగ్గర మా తోటలో జరిగిన పని గురించి

కోనసీమలో వశిష్ట, వైనతేయ పాయల మధ్య, రాజోలుకు దగ్గరలో మాకు కొబ్బరితోట ఉంది, ఇల్లు కూడా ఆ తోటలోనే. ఇంటి వాడకానికీ నర్సరీ మొక్కలకూ కొత్త బోరు వేయిస్తూ, కేసింగ్ (బోరు గొట్టం) దించకముందే విద్యుత్ లాగింగ్ చేయించాను, అంటే రంధ్రంలోకి పరికరం దించి, ఏ లోతులో ఏ పొర, ఎలాంటి నీరు ఉందో కరెంటుతో కొలిపించాను. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన బృందం ఆ పని ఎలా చేసిందో, దానికి డబ్బు పెట్టవచ్చో లేదో మా వైపు బోరు వేయించుకొనేవారికి తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందటి పాత బోరుకు ఈ పరీక్ష చేయించలేదు. బురదతో పైకి వచ్చిన ముతక ఇసుకను చూసి డ్రిల్లరు 36 మీటర్ల దగ్గర ఫిల్టరు (నీరు లోపలికి వచ్చే సన్నని చీలికల గొట్టం) పెట్టించాడు. దోసిట్లోకి తీసుకుంటే అది నిజంగానే మచ్చలేని ఇసుక. అయితే డ్రిల్లింగ్ బురదలో కడుక్కుని వచ్చే ఇసుక, కింద తన సందుల్లో ఉన్నది మంచినీరో ఉప్పునీరో చెప్పదు. నెల తిరగకముందే ఆ నీళ్ళకు కందిపప్పు ఉడకడం మానేసింది, పెరట్లోని తమలపాదు మాడిపోయింది. నాన్నగారు పోయేదాకా ఆ బోరును చూసి బాధపడుతూనే ఉన్నారు.

అందుకే ఈసారి 60 మీటర్ల వరకు చిన్న రంధ్రం వేయించి, అది బురదతో నిండి ఉండగానే బృందాన్ని పిలిచాను. ఫోనులో వారు మొదట చెప్పిన మాట, "కేసింగ్ దించేశాక పిలిస్తే మేము వచ్చినా ప్రయోజనం ఉండదండి" అని. ఇనుప గొట్టమైతే కరెంటును తనే లాగేసుకుంటుంది, ప్లాస్టిక్ గొట్టమైతే పొరల్లోకి పోనివ్వదు. వారు వచ్చీ రాగానే బురద గుంటలోంచి చెంబుడు బురద తీసి, దాని ఉష్ణోగ్రతనూ విద్యుత్ నిరోధాన్నీ కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. ఈ పని చేయకుండా నేరుగా ప్రోబ్ (కొలిచే పరికరం) దించే బృందాన్ని నేనైతే నమ్మను, ఎందుకంటే తరువాత వచ్చే అంకెలన్నిటినీ ఆ కొలతతో సరిచూసుకోవలసిందే.

మనిషి ఎత్తును మించిన ఉక్కు కడ్డీ లాంటి ఆ ప్రోబ్‌ను వించ్ మీది కేబుల్‌తో అడుగు దాకా దించి, నెమ్మదిగా పైకి లాగుతూ కొలిచారు. దాని మీది ఒక ఎలక్ట్రోడ్ పొరల్లోకి కరెంటు పంపుతుంది, కాస్త ఎడంగా ఉన్న మరొకటి వోల్టేజీని పట్టుకుంటుంది. ఆ ఎడం 16 అంగుళాలైతే రంధ్రానికి దగ్గరి భాగం, 64 అంగుళాలైతే బురదనీరు ఇంకని లోపలి భాగం తెలుస్తుంది. 1927లో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే సోదరుల బృందం మొట్టమొదటిసారి ఒక చమురు బావిలో చేసిన కొలతకూ, ఇప్పుడు కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో చమురు బావుల్లో చేసేదానికీ, మా తోటలో జరిగినదానికీ మూలసూత్రం ఒకటే. ఇసుక రేణువు కరెంటును పోనివ్వదు, దాని సందుల్లోని నీరు, ముఖ్యంగా అందులో కరిగిన ఉప్పు, పోనిస్తుంది.

చమురు బావిలోనైతే సందుల్లో నీరు ఎంత, చమురు ఎంత అన్న ప్రశ్నకు 1942లో ఆర్చీ అనే చమురు రంగ నిపుణుడు ఇచ్చిన సమీకరణంతో జవాబు వెతుకుతారు. నీటిమట్టానికి దిగువన మన ఇసుక సందులన్నీ నీటితోనే నిండి ఉంటాయి కనుక, మనకు మిగిలేవి రెండే ప్రశ్నలు: ఆ సందులు ఎంత, ఆ నీటిలో ఉప్పు ఎంత. చిక్కంతా బంకమట్టితోనే వస్తుంది. బంకమట్టి కూడా కరెంటును బాగా పోనిస్తుంది కాబట్టి, ఒక్క నిరోధం గీతను చూసి ఉప్పునీటి ఇసుకనూ బంకమట్టినీ వేరు చేయలేము. మా బోరులో 27 నుంచి 33 మీటర్ల మధ్య సుమారు 2.5 ఓమ్-మీటర్లు (నిరోధం కొలత, ఉప్పు పెరిగితే ఇది తగ్గుతుంది), దాని కింద 1.6 వచ్చాయి. రెండూ మట్టే అనిపించే అంకెలు. కాని పైభాగంలో గామా గీత (పొరల సహజ రేడియోధార్మికతను చూపేది, బంకమట్టిలో హెచ్చుతుంది) ఎక్కువగా ఉండి, 33 మీటర్ల దగ్గర ఒక్కసారిగా పడిపోయింది, అంటే అక్కడి నుంచి ఇసుక. సెల్ఫ్ పొటెన్షియల్ గీత (రంధ్రంలో తనంతట తానే పుట్టే వోల్టేజీని చూపేది) కూడా అక్కడే ఎడమకు బాగా వంగింది, అంటే ఆ నీరు బురదనీటికన్నా చాలా ఉప్పన. పాత బోరులో మేము ఫిల్టరు పెట్టుకున్న పొర అదే. తెర మీద ఆ మలుపును చూస్తూ నాకు కాసేపు నోట మాట రాలేదు.

18 నుంచి 27 మీటర్ల మధ్య మాత్రం రెండు ఎడాల గీతలూ దాదాపు కలిసి నడుస్తూ 32 ఓమ్-మీటర్ల దగ్గర నిలిచాయి. ఇంజనీరు అక్కడికక్కడే కాగితం మీద లెక్క కట్టి చూపించారు. వదులు ఇసుకలో సందులు నూటికి 30 పాళ్ళు అనుకుంటే భాగించవలసిన అంకె (పొర నిరోధం దానిలోని నీటి నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పేది) 4.8 వరకు వస్తుంది, దానితో 32ను భాగిస్తే నీటి నిరోధం 6.7, అంటే విద్యుత్ వాహకత (ఉప్పుతో పాటు పెరిగేది) సెంటీమీటరుకు సుమారు 1,500 మైక్రోసీమెన్స్. "ఇసుకలో మట్టి కలిసి ఉంటే ఈ లెక్క తప్పుతుందండి, నీళ్ళు పరీక్ష చేయించకుండా తాగకండి" అని ఆయనే హెచ్చరించారు. బోరు పూర్తయ్యాక ప్రయోగశాలలో 1,540 వచ్చింది. లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లోపు లవణాలు, అంటే తాగునీటి ప్రమాణంలో కోరదగిన 500కు ఎక్కువ, గత్యంతరం లేనప్పుడు అనుమతించే 2,000కు తక్కువ.

లోపాలూ ఉన్నాయి. రంధ్రం వెడల్పును కొలిచే కాలిపర్ వారి దగ్గర లేదు. వదులు ఇసుక గోడలు విరిగి రంధ్రం పెద్దదైన చోట అంకెలు తగ్గి కనిపిస్తాయి, 12 మీటర్ల దగ్గరి గీతను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేకపోతున్నాను. 64 అంగుళాలకన్నా పలుచని ఇసుక పొర 64 అంగుళాల ఎడం గీతలో తలకిందులుగా, అంటే నిరోధం ఎక్కువున్నా తక్కువన్నట్టు, కనబడుతుందన్న సంగతి నివేదికలో రాయలేదు, నేను అడిగితేనే చెప్పారు. నివేదిక తొమ్మిది రోజులు ఆలస్యంగా, అదీ పూర్తిగా ఇంగ్లీషులో వచ్చింది. రంధ్రం కూలిపోయేలోగా గొట్టం దించక తప్పని రైతుకు అన్ని రోజులు ఆగే వీలుండదు. ఆ పూట ఇంజనీరు చేతిరాతతో ఇచ్చిన కాగితమే మాకు అక్కరకు వచ్చింది.

ఆ కాగితం ప్రకారం 28 మీటర్ల కింద రంధ్రాన్ని బంకమట్టి ముద్దలతో గట్టిగా పూడ్పించి, 19 నుంచి 26 మీటర్ల వరకు ఫిల్టర్లు పెట్టించాను. గొట్టాలకూ ఫిల్టర్లకూ అయిన ఖర్చులో లాగింగ్ ఫీజు పదో వంతు కూడా కాలేదు. కింది ఉప్పునీరు పైకి లేవకుండా చిన్న మోటారుతో, మధ్యమధ్యలో ఆపుతూ తోడుతున్నాము, నెలకొకసారి వాహకత చూసి గోడ మీది క్యాలెండరులో రాసుకుంటున్నాము. మే నెలలో 1,580 ఉంది. పక్క తోటవారు బోరు వేస్తామంటే ఈ బృందాన్నే పిలవమన్నాను, కాలిపర్ కూడా తెమ్మని ముందుగానే అడగమన్నాను.