షుగర్, డిమెన్షియా రెండూ ఉన్న మా అత్తయ్యగారికి సెన్సార్ పెట్టించాం, ఎలా ఉందంటే

మా అత్తయ్యగారికి షుగర్ ఎప్పటినుంచో ఉంది, ఈమధ్య డిమెన్షియా కూడా మొదలైంది. తినకుండానే తిన్నానంటారు, వేలికి సూది గుచ్చబోతే చెయ్యి లాగేసుకుని తిడతారు. షుగర్ పడిపోతే వచ్చే చెమటలు, చిరాకు, పొంతన లేని మాటలు కూడా మతిమరుపు ఖాతాలోకే పోతాయి, అసలు టెన్షన్ అది. అందుకే జబ్బ వెనక అంటించే సీజీఎం సెన్సార్ (సూది గుచ్చకుండా షుగర్‌ని రాత్రీ పగలూ చూస్తూ ఫోన్‌కి పంపేది) తీసుకున్నాం.

అంటించడం నిమిషం పని, రెండు వారాలు పనిచేస్తుంది. ఆవిడ ఫోన్ ముట్టుకోరు కాబట్టి పాత ఫోన్ ఒకటి ఆవిడ గది గుమ్మం బయట ఛార్జింగ్‌లో పెట్టి, రీడింగులు నాకూ, వేరే ఊళ్లో ఉన్న మా ఆడపడుచుకీ వచ్చేలా చేశాం. గదిలోనే పెడితే అలారానికి బెదిరిపోతున్నారు. పెరట్లోకి వెళ్తే మాత్రం బ్లూటూత్ అందదు.

ఆవిడ దాన్ని పీకేయడం పెద్ద తలనొప్పి. చేతికి ఏదో అంటుకుందని గోళ్లతో గీరేస్తారు. పైన ప్లాస్టర్ వేసి, జాకెట్ చేతులు మోచేతి దాకా వదులుగా కుట్టించాక, కంటికి కనపడక దాని జోలికి పోవడం లేదు.

ఒక రాత్రి 58 చూపించింది, హడావిడిగా వెళ్తే ఆవిడ ఆ చెయ్యి కిందేసుకుని హాయిగా నిద్రపోతున్నారు, గ్లూకోమీటర్‌లో 121! సెన్సార్ మీద బరువు పడితే అలా తప్పుగా తక్కువ చూపించడం మామూలే. పైగా ఇది చూసేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో, కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడే ఉంటుంది. పాత మీటర్ పారేయకండి.

ఇన్ని తంటాలున్నా డబ్బు దండగ అనను. తెల్లవారుజామున షుగర్ నిజంగానే పడిపోతోందని గ్రాఫ్ చూశాకే తెలిసింది, డాక్టర్ గారు రాత్రి వేసే గ్లిమిపిరైడ్ (షుగర్ తగ్గించే మాత్ర) ఆపేశారు. ఈ పరిస్థితిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8 దగ్గర ఉన్నా పర్లేదు, షుగర్ 70 కిందకి పోకుండా చూసుకోండి చాలన్నారు. నాకైతే సగం బరువు దిగింది.

ఖరీదు ఎక్కువే, ఒక్కోటి వేలల్లో ఉంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్లకి, షుగర్ పడేసే మాత్రలు వేసుకునేవాళ్లకి పెట్టించొచ్చు, ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రతో నడిచిపోతుంటే అంత అవసరం లేదు. కొనేముందు అలారం దానంతటదే మోగుతుందా అని అడగండి, కొన్ని రకాలు ఫోన్ దగ్గర పెట్టి స్కాన్ చేస్తేనే అంకె చూపిస్తాయి, అర్ధరాత్రి ఎవరు చేస్తారు?