పాలమూరు కట్టె గానుగ: సీసా కొనాలా, పల్లీలు ఆడించుకోవాలా?

మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి వైపు కట్టె గానుగల దగ్గర నూనె రెండు రకాలుగా దొరుకుతుంది. సీసాల్లో పోసిపెట్టింది కొనడం ఒకటి, మన పల్లీలు తీసుకెళ్లి కూలి ఇచ్చి ఆడించుకోవడం ఇంకోటి. మా ఓటు రెండోదానికే.

లెక్క చూడండి. క్వింటా పల్లికాయ పొట్టు తీయిస్తే 70 కిలోల దాకా గింజ వస్తుంది. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజ పడుతుంది. అంటే క్వింటాకు 28 లీటర్ల నూనె, 40 కిలోలకు అటూ ఇటూగా చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి. 2025-26 మద్దతు ధర క్వింటాకు రూ.7,263 ప్రకారం చూస్తే లీటరుకు కాయ ఖర్చే రూ.260 దాకా అవుతుంది. చెక్క అమ్మిన డబ్బు తీసేసినా కూలి, కరెంటు, సీసా ఉండనే ఉన్నాయి. రూ.180కే స్వచ్ఛమైన గానుగ నూనె అని బోర్డు కనిపిస్తే, ఏ గింజ వాడారో అడగండి.

ఆడించే ముందు గింజ ఏరడం తప్పనిసరి. చాలా గానుగల్లో ఈ పని జరగదు, అసలు లోపం ఇదే. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి తీసేయాలి. రిఫైనరీలో జరిగే శుద్ధి ఇక్కడ ఉండదు కాబట్టి బూజు విషం కొంత నూనెలోకి దిగుతుంది. మిగిలింది చెక్కలో ఉండి, అది తిన్న బర్రె పాలల్లోకి చేరుతుంది. గింజ మరీ ఎండితే చెక్క పొడిపొడిగా రాలుతుంది, నూనె సరిగా దిగదు. కొద్దిగా నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. ఎక్కువ చల్లితే మాత్రం నూనెలో తేమ చేరి తొందరగా మక్కు వాసన వస్తుంది.

ఆడించిన రోజే వాడకండి. స్టీలు క్యానులో మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగాక పైది గుడ్డతో వడకట్టాలి. మడ్డి మిగిలిపోతే మూకుడులో నురగ పొంగుతుంది, అడుగు మాడుతుంది. కూరలకు, పోపుకు, పచ్చళ్లకు దీని రుచికి సాటి లేదు. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే బజ్జీల బండికి మాత్రం పనికిరాదు.

మన యాసంగి పల్లి మార్కెట్ యార్డులో లారీ ఎక్కి బయటికి పోతుంది, మన వంటింటికేమో బయటి ప్యాకెట్ నూనె వస్తుంది. ఇక్కడే ఆడిస్తే రైతు కాయ, గానుగ కూలి, పశువు మేత మూడూ జిల్లాలోనే ఉంటాయి. అందుకే కూలి మాట్లాడేటప్పుడే చెక్క ఎవరిదో తేల్చుకోండి. కూలి తగ్గిస్తామని చెక్క ఉంచేసుకునేవాళ్లున్నారు. బర్రెలున్న ఇంటికి అది నష్టపు బేరం.