రేటింగ్ కనపడకుండా పెట్టుకుని ఆరు నెలలు లీచెస్ ఆడాక

లీచెస్ గురించి ఎవరు చెప్పినా ఫ్రీ, యాడ్స్ లేవు అనే మొదలుపెడతారు, నిజమే, 2010లో టిబో డుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఆన్‌లైన్ చెస్ సైట్ ఇది, ఇప్పుడు డొనేషన్లతో నడుస్తోంది. కానీ నేను చెప్పాలనుకున్నది సెట్టింగ్స్‌లో ఓ మూలనున్న చిన్న ఆప్షన్ గురించి. ప్లేయర్ల రేటింగ్స్, అంటే ఎవరెంత బాగా ఆడతారో చెప్పే నంబర్లు, చూపించాలా వద్దా అని ఉంటుంది, వద్దు అని పెడితే మనదీ అవతలోళ్ళదీ ఏదీ కనపడదు, లోపల లెక్క మాత్రం మామూలుగానే నడుస్తుంది.

ఎందుకు పెట్టుకున్నానంటే ఓ రాత్రి పదకొండింటికి బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆటల్లో, 1624 ఉన్నా, ఒకటిన్నరకి 1541. ఓడిన ప్రతిసారీ ఆరేడు పాయింట్లు పోవడం, అవి లాక్కుందామని వెంటనే ఇంకో గేమ్, అందులో తొందర, మళ్ళీ పోవడం. చివరి గేమ్‌లు బోర్డు చూసి ఆడినవి కూడా కాదు. పొద్దున్నే లేచాక నాకసలు చెస్ వస్తుందా అని చాలా బాధేసింది.

తర్వాత కూర్చుని లెక్కేసుకున్నా. సమానమైన వాళ్ళతో ఆడితే, డ్రాలు పక్కనపెడితే, వరసగా ఐదు ఓడిపోయే ఛాన్స్ 32లో 1. రోజూ ఆడేవాళ్ళకి అలాంటి రోజు రాకుండా ఎలా ఉంటుంది? మనకన్నా రేటింగ్ 100 ఎక్కువున్న వాళ్ళతో 100 గేమ్‌లు ఆడినా, డ్రాని సగం గెలుపనుకుంటే, లెక్క ప్రకారం మనకి దాదాపు 36 గెలుపులు రావాలి, మరి నేను రేటింగ్‌లో 80 పోయాయని అంత కుంగిపోయానే. ఇంకోటి, రేటింగ్ లెక్కకి లీచెస్ వాడే పద్ధతి గ్లికో-2, చాన్నాళ్ళు ఆడకుండా వస్తే మన రేటింగ్ మీద దానికే నమ్మకం తగ్గి ఒక్కో గేమ్‌కి ఎక్కువ ఊగుతుంది, బాగా ఎక్కువ గ్యాప్ అయితే పక్కన క్వశ్చన్ మార్క్ కూడా వస్తుంది, దానికి కంగారు పడొద్దు.

నాకు ఆట నిజంగా మెరుగైంది మాత్రం గేమ్ అయ్యాక వచ్చే కంప్యూటర్ అనాలిసిస్ వల్ల. అందులో మన తప్పుల నుంచి నేర్చుకునే బటన్ ఒకటుంది, తప్పు చేసిన పొజిషన్‌కే తీసుకెళ్ళి ఇక్కడ ఇంకేం ఆడొచ్చో నువ్వే కనుక్కో అంటుంది. ఓ గేమ్‌లో నేను బ్లాక్. అవతలి గుర్రం జీ5లో, బిషప్ సీ4లో, రెండూ నా ఎఫ్7 బంటు మీదే గురిపెట్టి ఉన్నాయి, నేను చూసుకోకుండా ఏ6 బంటు తోశా. గుర్రం వచ్చి ఎఫ్7 కొట్టింది, ఒకపక్క డీ8లో మంత్రి, ఇంకోపక్క హెచ్8లో ఏనుగు, ఏదో ఒకటి పోవాల్సిందే. ఆ బటన్ నొక్కాక ముందు మంత్రిని ఈ7లో పెట్టి చూశా, కాదంది. తర్వాత డీ5 బంటు తోశా, సరే అంది. బిషప్ దారికి బంటు అడ్డం, అంతే! మూడు వారాలకి అదే పొజిషన్ వస్తే రెండు సెకన్లలో డీ5 ఆడేశా, ఆ సంతోషం ఏ నంబర్ చూసినా రాలేదు నాకు.

ఒక్క మాట, ఆ అనాలిసిస్ చేసే ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్ మంచి మూవ్ చూపిస్తుంది గానీ ఎందుకో మాటల్లో చెప్పదు, అది మనమే తవ్వుకోవాలి, మరీ కొత్తవాళ్ళయితే పక్కన చెప్పేవాళ్ళు ఉండాలి. పజిల్స్ బాగుంటాయి, నిజంగా ఆడిన గేమ్‌ల నుంచి తీసినవే, ఫోర్క్ (ఒకే కాయతో రెంటిమీద దాడి) లాంటి టాపిక్ ఎంచుకుని అవే చేసుకోవచ్చు.

మొన్న ఓసారి రేటింగ్ ఆన్ చేసి చూశా. బ్లిట్జ్ అక్కడే ఉంది, ఎందుకంటే ఆడట్లేదు. కాస్త ఎక్కువ టైముండే ర్యాపిడ్ 1590 నుంచి 1688. చూసి మళ్ళీ ఆఫ్ చేశా, ప్రాక్టీస్ సెక్షన్‌లో ఏనుగుల ఎండ్‌గేమ్‌ల దగ్గరున్నా, అందులో గెలిచే పద్ధతి లూసెనా వచ్చేసింది, డ్రా చేసుకునే పద్ధతి ఫిలిడార్‌లో ఏనుగుని ఎప్పుడు వెనక్కి లాగాలో ఇంకా తడబడుతున్నా.